ఐదో గడిలో మనిషి

దేశంలో వీధిదీపాలెన్నో లెక్క ఉంది, వాటిలో వెలగనివెన్నో కూడా లెక్క ఉంది. ఒక్కో మనిషికి తనవాళ్ళు అనదగ్గ మనుషులు ఎందరున్నారో మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ లెక్కపెట్టలేదు. ఈ ఘోరాన్ని సరిదిద్దడానికే ఆత్మీయ సంబంధాల గణన విభాగం వెలిసింది. దానికి నాలుగో అంతస్తులో ఒక హాలు, కొన్ని కంప్యూటర్లు, ఒక డైరెక్టరు గారు, ఒకటి ఆగితే గానీ రెండోది నడవని రెండు ఏసీలు మంజూరయ్యాయి.

ఆన్‌లైన్ సర్వేకు ప్రశ్నలు రాసే పని ప్రశ్నలక్కది. (అసలు పేరుతో జీతాల రోజున మాత్రమే పిలుస్తారు. అప్పుడు ఆమె కూడా ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.)

ఆమెకొక పద్ధతి ఉండేది. ఏ ప్రశ్న రాసినా ముందు భర్తకు చదివి వినిపించేది. ఆయన లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. "దీని తల ఎక్కడ, తోక ఎక్కడ?" అన్నాడంటే ప్రశ్న మళ్ళీ రాయాల్సిందే. ఆయనకు అర్థమైతే దేశానికి అర్థమైనట్టే. పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. పద్ధతి పోలేదు. ఇప్పటికీ రోజూ పొద్దున స్టవ్వు దగ్గర నిలబడి ప్రశ్నలు పైకి చదువుతుంది. ఆయన ఏమంటాడో తెలుసు గనుక దిద్దుకుంటుంది.

మొదటి ప్రశ్న సులువుగానే తేలింది: 'గత ఆరు నెలల్లో మీ ముఖ్యమైన విషయాలు ఎవరెవరితో మాట్లాడారు?' కింద ఐదు గడులు. ఐదూ నింపితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది.

"ఇద్దరే ఉన్నవాళ్ళు ఏం చేస్తారండీ?" అంది ప్రశ్నలక్క.

"సంపాదించుకుంటారు," అన్నారు డైరెక్టరు గారు.

ఆ తర్వాత ప్రశ్నలు వాటంతటవే పిల్లలు పెట్టాయి. రాసిన ఐదుగురిలో ఎవరికి ఎవరితో పరిచయమో చెప్పాలి. 'మీ అత్తగారికీ మీ పళ్ళ డాక్టరుకూ పరిచయం ఉందా? ఉంటే, మీకు తెలిసే జరిగిందా?' పేరు రాసిన మరుక్షణం ఆ మనిషి ఫోనుకు సందేశం వెళ్తుంది: 'ఫలానావారు తమ మనుషుల్లో మిమ్మల్ని మూడో గడిలో చేర్చారు. అంగీకారమైతే నొక్కండి.' ఐదుగురు తేలనివారిని కంప్యూటరు 'ఒంటరి' అని నమోదు చేసి, వారానికోసారి వారి ఇంటికి సాంగత్య అధికారిని పంపుతుంది. ఆయన ఇరవై నిమిషాలు ముఖ్యమైన విషయాలు మాట్లాడి, సంతకం పెట్టించుకుని వెళ్తాడు. (వాతావరణం ముఖ్యమైన విషయం కాదనీ, మోకాళ్ళ నొప్పి అవుననీ సర్క్యులరు స్పష్టం చేసింది.)

'ఈ వ్యక్తి జీవించి ఉన్నారా?' అన్న ప్రశ్నను కూడా ప్రశ్నలక్క చేర్చింది. డైరెక్టరు గారు కొట్టేశారు.

"శుభమా అని మొదలుపెడుతుంటే ఇదేం ప్రశ్నమ్మా? మాట్లాడుతున్నారంటే బతికున్నట్టేగా!"

విడుదలకు ముందురోజు సిబ్బంది అందరూ సర్వేను తామే పూరించి చూడాలన్నారు డైరెక్టరు గారు. మధ్యాహ్నానికల్లా ఆఫీసులో మాటలు బందయ్యాయి. తనను మొదటి గడిలో రాసిన టైపిస్టును స్టోరు గుమాస్తా ఐదో గడిలో రాశాడు. డైరెక్టరు గారిని అందరూ మొదటి గడిలోనే రాశారు. ఆయన తన మొదటి గడిలో రాసుకున్న భార్య మాత్రం 'పరిశీలనలో ఉంది' అని నొక్కింది.

ప్రశ్నలక్క నాలుగు గడులు నింపి ఆగిపోయింది. అంతలో ఆడపడుచు ఫోను.

"ఏం వదినా, నన్ను రెండో గడిలో పెట్టావంట! మొదటి గడి మహారాణి ఎవరో?"

"మా అక్కే."

"అక్క కాబట్టి సరిపోయింది. అదే ఆ కుట్టుమిషను ఆవిడైతే నీ గుమ్మం తొక్కేదాన్ని కాదు."

(కుట్టుమిషను ఆవిడ మూడో గడిలో ఉంది.)

పక్క సీటు కంప్యూటరమ్మాయి తొంగిచూసింది. "ఐదో దాంట్లో నన్ను పెట్టెయ్ అక్కా."

"నీతో ముఖ్యమైన విషయాలు నేనెప్పుడు మాట్లాడానే?"

"ఇప్పుడు మాట్లాడట్లా? నీ ఒక్కదానిదే మిగిలింది. ఐదూ నిండకపోతే ఆ అధికారి మీ ఇంటికొచ్చి కూర్చుంటాడు, చూసుకో!"

ముక్కూ మొహం తెలియని మనిషి ఇంటికొచ్చి, తను ఒంటరినని తనచేతే సంతకం పెట్టించుకోవడం ప్రశ్నలక్కకు ససేమిరా ఇష్టం లేదు. అబద్ధం రాయడం అంతకన్నా ఇష్టం లేదు. ప్రశ్నలు రాసేవాళ్ళే దొంగ జవాబులు రాస్తే, హోటలు పెట్టినవాడు పక్క హోటల్లో భోంచేసినట్టే. అందుకని, ఉన్నమాటే రాద్దామని, ఐదో గడిలో భర్త పేరు రాసింది.

చివరిసారి ఎప్పుడు మాట్లాడారు? 'ఈ రోజు.' ఎక్కడ? 'ఇంట్లో.' మీరు చెప్పేది ఆ వ్యక్తి ఎలా వింటారు? పూర్తిగా, సగం సగం, పేపరు చూస్తూ. ఆమె 'పూర్తిగా' నొక్కింది. (ఈ విషయంలో ఆయన ఈమధ్య బాగా మెరుగుపడ్డాడు.) కంప్యూటరు ఆమెను అభినందించింది. కంప్యూటరమ్మాయి తెర వైపు చూసి, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.

ఆయన ఫోను ఇంట్లో సొరుగులో ఉంది. సందేశానికి జవాబు రాలేదు. భార్యాభర్తల మధ్య జవాబు రాకపోవడం మామూలేనని సర్వే కమిటీ స్వానుభవంతో ముందే తీర్మానించింది గనుక ప్రశ్నలక్కకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఇబ్బంది ఆయనకే వచ్చింది. గడికెక్కిన ప్రతివారూ తామూ సర్వే పూరించాలి. తన వంతు సర్వేలో ఆయన ఒక్క మనిషి పేరు కూడా రాయలేదు. నిబంధన ప్రకారం ఆయన ఒంటరి.

ఆదివారం పొద్దున సాంగత్య అధికారి సంచీ తగిలించుకుని వచ్చాడు.

"సారున్నారామ్మా?"

"లేరండీ."

"ఎప్పుడొస్తారు?"

"రారండీ. ఆయన పోయి ఏడాది కావస్తోంది."

అధికారి చేతిలోని ట్యాబునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "అయ్యో... ఇందులో ఆ మాట లేదేమ్మా! 'ఉన్నారు', 'బయటికి వెళ్ళారు', ఈ రెండే ఉన్నాయి. ఏ మహానుభావులు రాశారో గానీ ఈ ప్రశ్నలు!"

"నేనేనండీ," అంది. "కూర్చోండి."

అతను నాలుక కరుచుకుని కూర్చున్నాడు. తన మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పాడు. బదిలీ మీద ఈ ఊరొచ్చి మూడు నెలలే అయిందన్నాడు. "మీతో చెప్పడానికేం గానీ, నాకు మూడు గడులే నిండాయమ్మా. గురువారం గురువారం మా ఇంటికి ఇంకో అధికారి వస్తున్నాడు."

ప్రశ్నలక్క పకపకా నవ్వింది. ఇరవై నిమిషాలు దాటిపోయినా ఇద్దరూ గమనించలేదు.

వెళ్ళేముందు అతను నివేదిక పూర్తిచేసి పంపాడు. మరుసటి వారం డైరెక్టరు గారు దాన్ని ఆదర్శ నివేదికగా గోడకు అంటించారు: 'ఒంటరి వ్యక్తి ఇంట్లో లేరు. బయటికి వెళ్ళారు. అక్కడ తెలిసినవారు చాలామందే ఉన్నట్టున్నారు. భార్య మాత్రం ఇంట్లోనే ఉంది. ఆమెకు ఐదుగురూ నిండి ఉన్నందున ఇకపై వెళ్ళనవసరం లేదు.'