తడి ఇసక, మడి వడియాలు

ఇసకని తూకం వేసి కొనాలా, కొలిచి కొనాలా అని మీలో ఎవరికైనా సందేహం వస్తే దయచేసి నన్నడగకండి. పాతికేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి, పైగా ఈ విషయంలో దెబ్బతిన్నవాణ్ణి, మొదలుపెడితే ఆపలేను. మా కొత్తపేట హైస్కూల్లో పిల్లలు నాకు తక్కెడ మాస్టారని పేరు పెట్టారు. బాలగంగాధరం అనే అసలు పేరు జీతం బిల్లులో మాత్రమే మిగిలింది.

సంగతంతా మా అత్తగారి కాలితో మొదలైంది. అచ్చయమ్మగారు పలివెలలో తన ఇంటి గుమ్మం దిగుతూ పడ్డారు. తుంటి ఎముకకి ఆపరేషన్ చేశారు. పదిరోజుల్లో ఆసుపత్రి నుంచి పంపేస్తామన్నారు. తిన్నగా మా ఇంటికే తీసుకురావాలి. మా ఇంట్లో బాత్‌రూము మేడమీద ఉంది. కింద ఎందుకు లేదంటే, ఇల్లు కట్టినప్పుడు రోజూ మెట్లెక్కితే ఆరోగ్యమని సిద్ధాంతం చేసింది నేనే.

"అమ్మ మెట్లెక్కలేదు. పైవారం ఆదివారం ఆవిడొచ్చేసరికి వెనక వరండా పక్కన బాత్‌రూము లేవాలి," అంది మా ఆవిడ శ్రీలలిత. మామూలుగా నన్ను గంటకి పది మాటలంటుంది. ఆ రోజు ఆ ఒక్కమాటే అని ఊరుకుంది. అందుకే భయం వేసింది.

మేస్త్రి కొండయ్య వచ్చి వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. "నాలుగు గోడలు, పైన రేకు, కింద జారని గచ్చు. వారం చాలండి. గచ్చు ఆరడానికి మరో రెండ్రోజులు. సరుకు మాత్రం రేపే పడిపోవాలండి."

ఇటుకలు, సిమెంటు ఆ సాయంత్రమే పెరట్లోకి చేరిపోయాయి. వాటి సంగతి లలిత చూసుకుంది కాబట్టి చేరాయి. ఇసక, కంకర నా శాఖ.

ట్రాక్టరు సత్యదుర్గారావు అడిగాడు. "కాటా మీద టన్నుల లెక్క వేయమంటారా అండి, ట్రక్కు కొలిచి లెక్క వేయమంటారా అండి?"

"రేవులోంచి తీసిన ఇసక నీళ్ళోడుతూ వస్తుంది. తూకానికి కొంటే ఇసక ధరకి గోదారి నీళ్ళు కొన్నట్టు. నేను ఫిజిక్స్ మాస్టారిని, దుర్గారావు."

"ఆయ్, తెలుసండి. మా అబ్బాయి మీ దగ్గరే చదివేడండి. ఇప్పుడు ట్రాక్టరు తోల్తన్నాడండి."

కొలతకే ఖాయం చేశాను. మర్నాడు ట్రక్కు రాగానే టేపు పట్టుకుని పైకెక్కి పొడవు, వెడల్పు, లోతు కొలిచాను. అంగుళం తేడా లేదు. కంకర కూడా అంతే. ఇసక, కంకర గేటు పక్కన రెండు గుట్టలుగా పోయించి, వీధిలో వాళ్ళందరికీ వినపడేలా లలితని పిలిచి చెప్పాను.

"మీరు కొలిచేరుగా, ఇంక కొండయ్యని పిలవనా?" అంది.

పిలవమని ఆ పూటే అనుంటే ఈ కథ లేదు. "సాయంత్రం నేనొచ్చాక పిలుద్దాం" అని అమలాపురంలో పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపుకి వెళ్ళిపోయాను. అక్కడ నా పక్క కుర్చీ సోమేశ్వరరావుగారిది. రాజోలు వైపు మాస్టారు. నేను చెప్పిందంతా విని, పెన్ను మూత పెట్టి, జాలిగా చూశారు.

"కొంచెం తడిగా ఉన్న ఇసక పొంగుతుంది కదండీ. ఆరితే పావొంతు దాకా తగ్గుతుంది. తూకానికి కొంటే నీళ్ళు కొన్నట్టు, కొలతకి కొంటే గాలి కొన్నట్టు. మీరు పిల్లలకి చెప్పరా?"

నేను పిల్లలకి చెబుతాను. నాకే ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, బండి స్టాండు వేయకుండానే ప్రకటించాను. "ఈ ఇసక ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆరాక మళ్ళీ కొలిచి, ఎంత తగ్గిందో దుర్గారావు చేత ఒప్పిస్తాను."

"ఎన్నాళ్ళకి ఆరుతుంది?"

"అది ఎండని బట్టి ఉంటుంది."

"అమ్మ ఆదివారం వస్తుందండీ. ఆవిడ కాలు ఎండని బట్టి ఆగదు."

"ఇది సూత్రానికి సంబంధించిన విషయం, లలితా."

"బాత్‌రూము లేక ఆవిడ వీధిలోకి వెళ్ళాలా, సూత్రం మీద కూర్చోవాలా?"

నేను బండి స్టాండు వేసి టేపు తీశాను. లలిత నావంక ఒక్క నిమిషం చూసి, "సరే, మీ ఇష్టం," అని లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ మాట మూడోసారి విన్నాను. మొదటి రెండుసార్లు ఏం జరిగిందో గుర్తు చేసుకునుంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ చెప్పింది. "అమ్మ మడి సరుకు తప్ప తినదు కదా. పెరట్లో వడియాలు, ఊరమిరపకాయలు పెడుతున్నాను. ఊళ్ళు తిరిగిన కాళ్ళతో అటు రాకండి. వెనక తలుపు వేసేస్తున్నాను."

మడంటే నాకు భయం. చిన్నప్పుడు మా నాయనమ్మ మడిబట్ట ముట్టుకున్నందుకు నన్ను నూతి దగ్గర నాలుగుసార్లు తడిపింది. అందుకని పెరటి వైపు కన్నెత్తి చూడలేదు. పొద్దున్న ఎనిమిదికి క్యాంపుకి వెళ్ళేవాణ్ణి, ఆరింటికి వచ్చేవాణ్ణి. ఆ క్యాంపుకి ఆదివారం సెలవు కూడా లేదు. రాగానే చెప్పులు విప్పకుండా ఇసక గుట్ట చుట్టూ టేపు తిప్పి నోట్సులో రాసుకునేవాణ్ణి.

మొదటిరోజు గుట్ట పదోవంతు తగ్గింది. ఆనందంతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. రెండోరోజుకి పావొంతు తగ్గింది. శాస్త్రం అక్కడ ఆగమంటుంది. ఇసక ఆగలేదు. నాలుగోరోజుకి సగమైంది. కోనసీమ ఇసకకి ఏదో ప్రత్యేకత ఉందనిపించి గ్రాఫు గీశాను.

సోమేశ్వరరావుగారు గ్రాఫుని అటూ ఇటూ తిప్పి చూశారు. "సగానికి సగం తగ్గితే అది ఇసక కాదండీ, కర్పూరం. పోనీ, కంకర ఏమైనా తగ్గిందా?"

ఇంటికొచ్చి చూస్తే కంకర కూడా తగ్గింది. రాయి ఎండకి ఆరి కుంచించుకుపోదని ఏడో తరగతి పిల్లాడిక్కూడా తెలుసు. కాని నా చేతిలో అప్పటికే గ్రాఫు ఉంది. కంకర నేలలోకి దిగబడిందని రాసుకున్నాను. ఇంటి పక్క సందులో ఇసక చారలు కనిపిస్తే నోట్సులో 'గాలి' అని ఇంకో గడి గీశాను.

"ఏమే, ఇన్ని రోజులుగా పెడుతున్నావు, ఒక్క వడియమైనా వేయించవేం?" అన్నాను భోజనాల దగ్గర.

"ఇంకా ఆరలేదండీ. ఆరేదాకా ముట్టుకోకూడదు," అంది లలిత.

నా సిద్ధాంతం ఇంట్లో పాకుతోందని సంతోషించాను.

శనివారం క్యాంపు అయిపోయింది. సాక్షిగా సోమేశ్వరరావుగారిని వెంటబెట్టుకొచ్చి, దుర్గారావుని గేటు దగ్గరికి పిలిపించాను. వీధిలో వాళ్ళు అరుగుల మీదికొచ్చారు. అందరి ముఖాల్లోనూ నవ్వు బిగబట్టుకున్నట్టుంది. నా వాదన వినాలని ఉత్సాహమనుకున్నాను. తొమ్మిదిరోజుల లెక్కలు చదివి, "మూడొంతులు గాలి అమ్మావు, దుర్గారావు," అని ముగించాను.

దుర్గారావు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆయ్, మాస్టారండీ. తడారితే ఇసక తగ్గుద్దండి, కాదన్ను. మరి తట్ట గుర్తులున్నాయేంటండి గుట్ట మీద?"

ఉన్నాయి. గుండ్రంగా, వరసగా ఉన్నాయి. తొమ్మిదిరోజులు టేపు వంకే చూశాను గాని గుట్టని చూడలేదు.

అప్పుడు లలిత గుమ్మంలోకి వచ్చింది. "అన్నయ్యగారూ, దుర్గారావుగారూ, కాఫీ తాగుదురుగాని పెరట్లోకి రండి. మీరూ రండి. మడి అయిపోయింది."

వెనక తలుపు తీస్తే వరండా పక్కన బాత్‌రూము ఉంది. నాలుగు గోడలు, పైన రేకు, నాలుగు కాళ్ళ చేతికర్రతోనైనా పట్టేంత వెడల్పు తలుపు. గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. కింద కాలు జారని గరుకు గచ్చు. గుమ్మం దగ్గర కొండయ్య నిలబడి ఉన్నాడు. పెరటి గోడ మీద ఒక చిన్న పళ్ళెంలో వడియాలు కూడా ఉన్నాయి. లలిత నాతో అబద్ధమాడలేదు.

"మీ ఇసక ఆరలేదని ఆపితే అమ్మని ఏ మేడ ఎక్కించను?" అంది లలిత. "అందుకే చెప్పలేదు."

నాకు సిగ్గేసింది. ఆవిడ తల్లి కాలు విరిగితే నేను పావొంతు గాలి కోసం పోట్లాడాను. ఆ మాట ఒప్పుకోవడం చేతకాక కొండయ్య మీద పడ్డాను. "తడి ఇసకతో కట్టావు కదా, పాళ్ళు తప్పలేదూ?"

"తడి ఇసకైతే సిమెంటు బస్తాకి ఒకట్రెండు తట్టలు ఎక్కువేసుకుంటామండి. పొంగుద్ది కదండి," అన్నాడు కొండయ్య. సోమేశ్వరరావుగారు కాఫీ గ్లాసులోకి దగ్గారు.

మర్నాడు మా అత్తగారు వచ్చారు. లలిత భుజం పట్టుకుని, కడ్డీ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్ళారు. లలిత ఆవిణ్ణి దిగబెట్టి బయటికొచ్చాక మేమిద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. కాసేపటికి ఎవరి సాయం లేకుండా బయటికొచ్చి, మంచం మీద కూర్చుని నన్ను పిలిచారు.

"లలిత ఫోనులో అంతా చెప్పింది బాబూ. పగలంతా ఉద్యోగం చేసొచ్చి, సాయంత్రమయ్యేసరికి ఇసక గుట్ట దగ్గరే నిలబడి కట్టించేరుట. కొడుకు కూడా ఇంత శ్రద్ధ చూపించడు."

లలిత వైపు చూశాను. మందుల కాగితం అతి శ్రద్ధగా చదువుతోంది. నిజం చెబుదామని నోరు తెరిచాను, కాని అత్తగారి ముఖంలో ఆ నిశ్చింత చూశాక ఆవిడ వీపు వెనక దిండు సర్దాను.

"మా పలివెల ఇంటిక్కూడా ఒకటి ఇలాగే కట్టించాలి బాబూ," అన్నారు అత్తగారు. "ఇంతకీ ఇసక తూకానికి కొన్నారా, కొలతకి కొన్నారా?"

"లలితనడగండి అత్తయ్యగారూ," అన్నాను.