మా పెళ్లిలో గోడ బాగా వచ్చింది

"ఫొటోలు రెడీ మేడమ్!" అని మెసేజ్ రాగానే హాల్లో ఒక్క గెంతు గెంతాను. మావారు స్టవ్ కట్టేసి పరిగెత్తుకొచ్చారు. కొత్తగా పెళ్లయినవాళ్లం, మాకు ఆ మాత్రం చాలు.

ఇద్దరం ఒకే కుర్చీలో ఇరుక్కుని చూశాం. చూశాక నాకు జ్ఞానోదయమైంది. పాఠకులారా, పెళ్లి ఫొటోల్లో మనుషులు ఉండకూడదు!

నవ్వకండి. పెళ్లికొడుకులు ఎక్కడైనా దొరుకుతారు. అంత అందంగా పెచ్చులూడిన గోడ దొరుకుతుందా? అందుకే కదా, తాతల నాటి ఆ పాత చర్చిని ఏరికోరి బుక్ చేసుకున్నాం! మా ఫొటోగ్రాఫర్ ఆ గోడను చూడగానే మనసు పారేసుకున్నాడు. నాచు, మరకలు, పగుళ్లు అన్నీ కళ్లకు కట్టినట్టు వచ్చాయి. ఎడమ మూలన చీమల్లా రెండు కనిపిస్తున్నాయే, అవి మేమే.

ఎంత లాభమో చూడండి! మొటిమల బెంగ లేదు. కళ్లు మూసుకున్నామన్న గొడవ లేదు. పదేళ్ల తర్వాత "అప్పుడెంత సన్నగా ఉండేదానివి" అని ఎవరైనా దెప్పగలరా?

ఫాదర్ ముందు నిలబడి "ఒప్పుకుంటున్నాను" అన్నాను. "మేడమ్, ఎండ పోయింది, మళ్లీ అనండి" అన్నాడు ఫొటోగ్రాఫర్. కిటికీలోంచి ఎండ వచ్చేదాకా ఒప్పుకుంటూనే ఉన్నాను. ఇంత గట్టి పెళ్లి మీలో ఎవరికైనా జరిగిందా?

ఇక మా అమ్మమ్మ. నన్ను పెంచింది ఆవిడే. నా పెళ్లికని మోజుపడి చిలకాకుపచ్చ బట్టలు కుట్టించుకుంది.

"మామ్మగారూ, ఆ పచ్చ రంగు గోడకి నప్పట్లేదండీ. కాస్త ఆ స్తంభం వెనక్కి..."

"అలాగే నాయనా. గోడ నాకంటే పెద్దది, దాని మాటే వినాలి" అంటూ వెళ్లి కూర్చుంది.

మరి నేనేం చేస్తున్నాను? కిటికీ కేసి చూసి నవ్వుతున్నాను. అలాగే చూడమన్నాడు కదా!

సాయంత్రం అమ్మమ్మ వచ్చి, కళ్లజోడు సవరించుకుని ఒక్కటీ వదలకుండా చూసింది.

"గోడ భలే వచ్చిందే పిల్లా. ఇంతకీ నేనెక్కడ?"

మావారు తల వంచుకుని స్తంభం మీద వేలు పెట్టారు. "దీని వెనకున్నావు అమ్మమ్మా."

"పోనీలే, స్తంభమూ బాగానే ఉంది" అంది. మళ్లీ మొదటి ఫొటో నుంచి చూడటం మొదలుపెట్టింది.

అందుచేత రేపు పొద్దున్నే మా వంటింట్లో ఫొటో! వెనక గోడకు మొన్ననే సున్నం వేయించాం, చూద్దామన్నా ఒక్క పగులు లేదు. పక్కన గ్యాస్ సిలిండర్ పడుతుంది, పడనివ్వండి. మధ్యలో చిలకాకుపచ్చ బట్టల్లో అమ్మమ్మ, అటూ ఇటూ మేము. తీసేది పక్కింటి పిన్నిగారు. పాపం, ఆవిడకి మొహాలు తప్ప ఇంకేమీ తీయడం రాదు!