డొక్కల గుంట తీర్మానం

మా ఆవిడతో మొహం మీద చెప్పలేక మింగేసిన మాటలు నా కడుపులో చాలా ఉన్నాయి. మీరూ పెళ్ళయినవాళ్ళే కాబట్టి ఎందుకని అడగరు. ఆ మాటల్లో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే కంపు కొట్టేది, మా పెరట్లో డొక్కల గుంట.

కోనసీమలో పుట్టినవాళ్ళకి డొక్కల గుంట గురించి చెప్పక్కర్లేదు. మన మధ్య కాకినాడ బావగారు కూర్చున్నారు కాబట్టి చెబుతున్నాను. కొబ్బరికాయ వలిచాక మిగిలిన డొక్కల్ని గుంటలో పోసి, పైన మట్టలు కప్పి, బురదతో తొక్కి, నీళ్ళలో నెలల తరబడి నాననిస్తారు. బాగా కుళ్ళాక తీసి, కర్రతో చితక్కొట్టి, పీచు లాగి, తాడు పేనుతారు. తాడు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ డొక్కలు కుళ్ళుతున్నన్నాళ్ళూ వచ్చే వాసన ఉందే, గంపెడు కోడిగుడ్లు మురగబెట్టి మూత తీసినట్టుంటుంది. మా గుంట సరిగ్గా నా పడకగది కిటికీ కింద ఉండేది.

పోనీ పూడ్పిద్దామంటే అది నాది కాదు. మా ఊళ్ళో కాయ మగవాడిది, డొక్క ఆడదానిది. తాతల నాటి నుంచీ అంతే. ఇది ఏ చట్టంలోనూ లేదు. దీన్ని మార్చే ధైర్యం ఏ చట్టానికీ లేదు. మా ఆవిడ సత్యనారాయణమ్మ చేతికున్న గాజులూ, పెట్టెలో ఉన్న పట్టుచీరా ఆ గుంటలోంచి వచ్చినవే. మా డొక్కలు కొట్టి పీచు తీసే పైడమ్మ, మొగుడు పోయాక, తన పిల్లల్ని సాకుతున్నదీ ఆ గుంట మీదే.

ఒకసారి ధైర్యం చేశాను.

"ఏమోయ్, ఈ గుంట కాస్త జరిపితే ఎలా ఉంటుందంటావ్?"

"ఆయ్, జరపొచ్చండి. దానికంటే మీ మంచం జరపడం సుళువు కదండీ?"

మంచం జరిపాను. వాసన కూడా నాతోపాటే జరిగింది.

చివరికి ముక్కు పట్టుకుని, పగటిపూటయినా ఇల్లు వదిలి ఉండడానికి, ఉప్పుటేటి గట్టున ఒక పాక వేయించుకున్నాను. ఇళ్ళకి దూరం, చల్లటి గాలి. లోపల చాప, మరచెంబుతో మంచినీళ్ళు, రెండు కట్టల పేకముక్కలు. ఆ జాగా పోరంబోకని నాకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. అయితే పోరంబోకు ఎవరు ఆక్రమించారో చూడవలసిన పంచాయతీ బోర్డు మెంబర్లందరూ ఆ పాకలోనే పేకాడేవారు. అంచేత ఆ ప్రస్తావన ఎవరూ తెచ్చేవారు కాదు.

బోర్డంటే గుర్తొచ్చింది, నేనూ మెంబరునే. కొత్త చట్టం వచ్చి మా ఊరికి బోర్డు పడ్డప్పుడు, ప్రెసిడెంటు రాఘవులు గారు పనులు పంచారు. వీధి దీపాలు ఒకరికి, రోడ్లు ఒకరికి, నూతులు ఒకరికి. పారిశుద్ధ్యం దగ్గరకొచ్చేసరికి అందరూ పైకప్పు చూశారు. నేను చూడడం ఆలస్యమైంది.

"వాసన పట్టడంలో మీకు మించినవాళ్ళు లేరండి," అని రాఘవులు గారు నాకు అంటగట్టారు. అప్పట్నుంచి ఊళ్ళో నేను ముక్కు మెంబరు గారిని. బోర్డుకి సొంత ఆఫీసు లేకపోతే మా వీధి అరుగు కూడా నేనే ఇచ్చాను. గోడకి బోర్డు పేరు తగిలించి, ఒక బల్లా నాలుగు కుర్చీలూ వేశారు. ఇంటి ముందు ప్రభుత్వం, ఇంటి వెనక మా ఆవిడ. మధ్యలో నేను కాపరం చేసేవాణ్ణి.

ఒకనాడు పాకలో ముక్కలు పంచుతుండగా నాకు ఉపాయం తట్టింది. నేను చెప్పలేని మాట బోర్డు చేత చెప్పిస్తే పోలా?

"ఊళ్ళో డొక్కల గుంటలు ఉండకూడదని తీర్మానం చేద్దామండి," అన్నాను.

రాఘవులు గారు చేతిలో ముక్కలు కింద పెట్టేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా వీరాయమ్మ గుంట వంటింటి పక్కనేనండి. చారు తాగుతున్నానో ఏం తాగుతున్నానో తెలీక ఇన్నేళ్ళయింది."

"మీకు భార్యే. మాది అత్తగారి గుంటండి," అన్నారు రోడ్ల మెంబరు నరసింహమూర్తి గారు. దానితో అందరం ఆయన మీద జాలిపడ్డాం.

తీర్మానం చదవకముందే చేతులన్నీ లేచాయి. ఎవరింట్లో వాళ్ళు, "నేను వద్దనే అన్నాను, మిగతావాళ్ళు వినలేదు," అని చెప్పుకోవాలని కూడా అక్కడే ఒప్పందం చేసుకున్నాం. నివాసాల మధ్య గుంటలు ఉండరాదు, వారంలోగా ఖాళీ చేయవలెను అని నేను చెబుతుంటే నరసింహమూర్తి గారు, "మరీ మొండిగా ఉందండి. నానుచున్న డొక్కలకు బోర్డువారే చోటు చూపగలరు అని కలపండి, దొరతనంగా ఉంటుంది," అన్నారు. కలిపాం. ఆ చోటు ఎక్కడన్నది ఎవరికీ తట్టలేదు. పేకాట మధ్యలో ఉంది మరి.

మర్నాడు ఊరి తలారి జగ్గయ్య టముకు వేశాడు. ఊరంతా తిరిగి, సరిగ్గా మా వాకిట్లో నిలబడి మరింత గట్టిగా వేశాడు. సత్యనారాయణమ్మ మొత్తం విని, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఏవండీ, ఈ తీర్మానం ఎవరు పెట్టేరండి?"

"బోర్డు."

"బోర్డంటే ఎవరండి?"

"అంటే... అందరూనూ."

"అందులో మీరున్నారాండి?"

"ఉన్నాననుకో. నేను వద్దనే అన్నాను. వినలేదు."

"అయ్యో పాపం. రాఘవులు గారు కూడా వద్దనే అన్నారటండి, వీరాయమ్మ వదిన చెప్పేరు. నరసింహమూర్తి గారు కూడా వద్దన్నారట, వాళ్ళత్తగారు చెప్పేరు. అందరూ వద్దన్న తీర్మానం దానంతటదే లేచి నిలబడిందాండి?"

నేను వెంటనే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"సర్లెండి. బోర్డువారి మాట కాదనకూడదు. డొక్కలు తీసేస్తాం. చోటు మాత్రం బోర్డువారే చూపిస్తారు కదండీ?"

"ఆఁ, చూపిస్తారు."

"ఆయ్," అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అంత మెత్తగా 'ఆయ్' అనడం నేను వినలేదు. తెలివున్నవాడైతే ఆ పూటే రేవు దాటి పారిపోయేవాడు. నేను పాకకి వెళ్ళి గెలిచానని అందరికీ సోడాలు పోయించాను.

ఆ వారంలోనే పంచాయతీ ఆఫీసరు గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన ఏ ఊరెళ్ళినా ముందు బ్లీచింగు పొడి చల్లించి, ఆ తర్వాతే నమస్కారం చేస్తారట. అందుకని చుట్టుపక్కల ఆయన్ని బ్లీచింగు దొరగారంటారు. మెచ్చితే ఊరికి గొట్టపు నుయ్యి మంజూరు రాస్తారు. మెచ్చకపోతే పారిశుద్ధ్యం మెంబరుని ఉతికి ఆరేస్తారు. భోజనం మా ఇంట్లోనే ఏర్పాటు. మా ఆవిడ పొద్దున్నే లేచి పనసపొట్టు కొట్టిస్తుంటే నా గుండె కుదుటపడింది.

నేనూ, మిగతా మెంబర్లూ రేవుకెళ్ళాం. పడవ ఆలస్యమైతే దగ్గర్లోనే కదా అని పాకలో ఓ ఆట వేసుకున్నాం. పడవ వచ్చిందని కేక వినబడగానే ముక్కలు ఎక్కడివక్కడే వదిలి పరిగెత్తాం.

దారిపొడుగునా నేనే మాట్లాడాను. "మా ఊళ్ళో ఇప్పుడు డొక్కల గుంట అన్నది లేదండి. గాలి పీల్చి చూడండి."

దొరగారు పీల్చారు. నిలబడిపోయారు. జేబురుమాలు తీశారు.

మా వీధి మలుపు తిరిగేసరికి సంగతి తెలిసింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వరసకట్టి గంపలతో వస్తున్నారు. నల్లటి నీళ్ళు కారే డొక్కలు మా అరుగు మీద కుమ్మరిస్తున్నారు. బల్ల లేదు, కుర్చీల్లేవు, అన్నీ డొక్కల కిందే. గోడ మీద బోర్డు పేరు మాత్రం కనబడుతోంది. ఆ గుట్ట పైన పైడమ్మ నిలబడి, గుంటనీళ్ళు కుండతో తెచ్చి డొక్కల మీద పోస్తోంది.

"ఇదేమిటే పైడమ్మా!" అని అరిచాను.

"బోర్డాఫీసుకి అప్పజెబుతున్నామండి బాబుగారూ. చోటు చూపించేదాకా ఇయి బోర్డోరే చూసుకుంటారంటండి."

"ఎవరన్నారు?"

"అమ్మగారండి."

"ఆ నీళ్ళెందుకు పోస్తున్నావ్?"

"సగం నానినియ్యండి. ఎండితే పీచు రాదండి, పారేసుకోడమే. మా పిల్లల కూడండి ఇది," అంది పైడమ్మ, కుండ వంచుతూ. నిజం చెప్పొద్దూ, తీర్మానం చేసేటప్పుడు నాకు నా ముక్కు తప్ప పైడమ్మ గుర్తు రాలేదు. అప్పుడు సిగ్గేసింది.

దొరగారు రుమాల్లోంచి విచారణ మొదలుపెట్టారు. "ఇది ఆఫీసా?"

"ఆఫీసేనండి."

"ఇల్లెవరిది?"

"నాదేనండి."

"పారిశుద్ధ్యం మెంబరెవరు?"

"నేనేనండి."

"ఈ తీర్మానం తెచ్చిందెవరు?"

దొరగారు పడవ దిగినప్పట్నుంచి నోరు విప్పని రాఘవులు గారు చటుక్కున, "వీరేనండి," అన్నారు.

తలుపు చాటునుంచి సత్యనారాయణమ్మ గొంతు వినబడింది. "అయ్యగారికి దణ్ణాలండి. బోర్డువారు చెప్పినట్టే మేం గుంటలన్నీ ఖాళీ చేసేమండి. ఒక్కటీ మిగల్లేదు. ఇంక వాళ్ళు చోటు చూపించడమే మిగిలిందండి."

"న్యాయంగానే ఉంది. చోటెక్కడయ్యా?" అన్నారు దొరగారు మావైపు తిరిగి.

"ఆలోచనలో ఉందండి," అన్నాను.

"ఊళ్ళో పోరంబోకు లేదా?"

"లేదండి," అన్నాం మెంబర్లం ఒక్క గొంతుతో. బోర్డు పెట్టాక మేము అంత కలిసికట్టుగా ఉన్నది మళ్ళీ అప్పుడే.

"ఉందండి," అంది తలుపు. "ఉప్పుటేటి గట్టునండి. ఇళ్ళకి దూరం, మంచినీళ్ళ కాలవకి ఇంకా దూరం. గాలి కూడా చేలమీదికే పోతుందండి. ఎండలో డొక్కలు కొట్టే ఆడవాళ్ళకి నీడుండాలని మావారు ఎప్పుడో పాక కూడా వేయించి ఉంచేరండి."

దొరగారి మొహం వెలిగింది. "సొంత ఖర్చుతోనా?"

కాదంటే ఆక్రమణ. అవునంటే పాక పోయింది. "ఏదో... ఊరి కోసం..." అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు.

వెంటనే చూడాల్సిందేనన్నారు. చూశారు. పాకలో చాప పరిచి ఉంది. చాప మీద పంచిన ముక్కలు పంచినట్టే ఉన్నాయి.

"ఇవేమిటి?"

"పనివాళ్ళకి విశ్రాంతి వేళల్లో కాలక్షేపానికండి," అన్నారు రాఘవులు గారు. ప్రెసిడెంటు ఊరికే అయిపోరు.

దొరగారు వెనక్కి తిరిగి, "నీకు పేకాట వచ్చా?" అని మా వెంట వచ్చిన పైడమ్మనడిగారు.

"నాకెందుకొస్తదండి బాబూ! కూకునే తీరికేదండి?"

ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినీ తీరిగ్గా చూశారు. తిట్టుంటే బాగుండేది. చాప చుట్టించి, ఆ గట్టున ఊరందరి డొక్కలకీ గుంటలు తవ్వుకోమన్నారు. పాక పీచు పనికి ఇచ్చేశారు. గుంటలు ఒద్దికగా ఉన్నాయో లేదో, చుట్టూ బ్లీచింగు పడుతోందో లేదో పారిశుద్ధ్యం మెంబరు గారు రోజూ దగ్గరుండి చూడాలన్నారు. "ఇంత ముందుచూపున్న మనిషి ఇంకెవరున్నారు?" అని నా భుజం తట్టారు. ఆ తర్వాత మా ఇంట్లో పనసపొట్టు కూర మారుమారు వడ్డించుకుని తిని, గొట్టపు నుయ్యి రాసి, పడవెక్కారు.

ఆ సాయంత్రానికే డొక్కలన్నీ ఏటిగట్టుకి చేరి మళ్ళీ నీళ్ళలో పడ్డాయి. ఒక్క డొక్క చెడలేదని పైడమ్మ మా ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "ఛ, ఊరుకో," అని ఆవిడే కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఊళ్ళో గాలి హాయిగా ఉంటుంది. చెప్పినవాళ్ళ మాటే గానీ నాకు స్వయంగా తెలీదు. పొద్దున్నే బ్లీచింగు డబ్బా పట్టుకుని గట్టుకెళితే, ఊరందరి గుంటల మధ్యా కూర్చుని, సాయంత్రానికి తిరిగొస్తాను. మా అరుగు మీద సత్యనారాయణమ్మా, వీరాయమ్మ గారూ ఆకూవక్కా వేసుకుంటూ గాలి పీలుస్తుంటారు. నేను వాకిట్లో కాలు పెట్టబోతే మా ఆవిడ చెయ్యి అడ్డం పెడుతుంది.

"అక్కడే ఆగండి. ఆ కంపుతో లోపలికి రాకండి. పెరటి దారిన వెళ్ళి స్నానం చేసి రండి."

నిన్న నాకు ఒళ్ళు మండింది. "ఈ మెంబరుగిరీ నాకొద్దు. రేపే రాజీనామా ఇచ్చేస్తాను," అన్నాను.

"ఇచ్చేయండి. ఆ ఖాళీలో నేను నిలబడతానండి. ఆడవాళ్ళకీ ఓటుంది కదండీ, అందరూ నాకే వేస్తామంటున్నారు," అంది, వక్క కొరుకుతూ. వీరాయమ్మ గారు తల ఊపారు.

నిలబడి ఆలోచించాను. ఇంట్లో ఆవిడే, బోర్డులోనూ ఆవిడే అయితే, ఇంక నేను మొరపెట్టుకోవడానికి ఎక్కడికి పోను?

"సబ్బు ఎక్కడ పెట్టేవే?" అని అడిగి, పెరటి దారి పట్టాను.