ధనకోటి సారు ఇంటి విభూతి

కృత్తిక పండుగ పడిన ఆ శనివారం పొద్దున ధనకోటి సారు అనుకున్న పని చాలా చిన్నది. పొదటూరుపేటలో బస్సెక్కి, తిరుత్తణిలో రైలెక్కి, తిరువళ్ళూరు పెద్దాసుపత్రి మందుల గదిలో మిగిలిన మార్ఫిన్ అప్పజెప్పి రావడం. ఆ మందు ఆయన భార్య దేవసేనది. ఆమె పోయినప్పుడే డాక్టరమ్మ చెప్పింది: ఇది ఎవరికి రాస్తే వాళ్ళకే, ఇంకొకరికి ఇవ్వకూడదు, చెత్తలో వేయకూడదు, మిగిలింది తెచ్చి ఇచ్చేయండి అని. సారు తలాడించాడు. ఆ తరువాత ప్రతి శనివారమూ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వచ్చే శనివారం పోదాంలే అనుకున్నాడు. ఆ మందు డబ్బా బీరువాలో ఉన్నంత కాలం, ఇంట్లో ఒకరికి వేళకు మందు ఇచ్చే పని ఇంకా మిగిలి ఉన్నట్టుండేది.

ఆ డబ్బా అంటే ఆయనకు కొంత గర్వం కూడా. చివర్లో దేవసేన మాత్ర మింగలేకపోతే, నూరి ఇవ్వమని నర్సు చెప్పింది. ఏ పూటది ఆ పూటే నూరుకోమనీ చెప్పింది. సారు ఆ రెండో మాట వదిలేసి, అన్నీ ఒకేసారి నూరి పొట్లాలు కట్టేశాడు. డబ్బా మీద గుండ్రటి అక్షరాలతో "ప్రమాదకరమైన ఔషధము. అన్యులు వాడరాదు" అని రాసి అంటించాడు. 'వాడరాదు' కింద గీత గీశాడు. తెలుగు పంతులు ఇంత స్పష్టంగా రాశాక ఇక పొరపాటుకు చోటెక్కడ?

స్నానం చేసి వచ్చేసరికి బీరువా తెరిచి ఉంది. డబ్బా లేదు. ఊత్తుకోట నుంచి వచ్చిన అక్క కాంచన కింద కూర్చుని గుడ్డలు మడతపెడుతోంది.

"ఈడుండిన డబ్బా యాడ పెట్టినావక్కా?"

"ఆ కాళహస్తి విభూతా? పొద్దున్నే పక్కింటి కన్నియమ్మకిచ్చినా. పావం, ఆమె మొగుడు జయరామన్ నడుము పట్టుకొని మగ్గం గుంటలోంచి లేవలేకుండా ఉండాడంట. అంత విభూతి దాచుకొని ఏం జేస్తావు కోటీ?"

"కాళహస్తిదని నీకెవరు చెప్పినారు?"

"తెలుగులో రాసుండాది గదా."

కాంచన చదివింది తమిళ బడిలో. ఆ వీధిలో అందరూ అంతే. పోట్లాడేది తెలుగులో, లాలిపాట తెలుగులో, చదివేది మాత్రం తమిళం. వాళ్ళకు తెలుగు అక్షరాలు కనిపించేది కొండ నుంచో కోవెల నుంచో వచ్చిన పొట్లాల మీదే. లడ్డు ఉంటే తిరుపతి, తెల్లపొడి ఉంటే కాళహస్తి.

పైగా ఆ రోజు వీధంతా ఉపవాసం. సాయంత్రం దీపం వెలిగించి, చిటికెడు విభూతి నోట్లో వేసుకున్నాకే అన్నం ముట్టుకుంటారు. పొద్దుటి నుంచి ఏమీ తినని ముసలి కడుపుల్లో దేవసేన మందు పడడం సారు కళ్ళ ముందు కదిలింది. తడి తలతోనే పక్కింటికి పరుగెత్తాడు.

కన్నియమ్మ ఖాళీ డబ్బా చేతికిచ్చింది. ప్రసాదం ఒక్క ఇంట్లోనే ఉంచుకుంటే పాపమట, వీధి చివరి దాకా పంచేసిందట.

అక్కడే అసలు మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ చెప్పాలంటే దేవసేన పేరు ఎత్తాలి. ఆమె పోయాక ఆ పేరు ఆయన బయట పలకలేదు. అందుకని మాటలు ఏరి ఏరి, "ఆ విభూతి ఎవురూ నోట్లో ఏసుకోవద్దని చెప్పు కన్నియమ్మా" అని మాత్రం అన్నాడు. ఇంటింటికీ పోయి అదే మాట అని, పొట్లం వెనక్కి అడిగాడు.

మధ్యాహ్నానికి వీధి రెండు జట్లయింది. పెళ్ళాం పోయిన బాధలో సారు నాస్తికుడైపోయాడని ఒక జట్టు. అది మామూలు విభూతి కాదు, అందుకే వెనక్కి అడుగుతున్నాడని రెండో జట్టు. మొదటి జట్టు ఇంటికొచ్చి ఓదార్చింది. రెండో జట్టు పొట్లాలు బియ్యం డబ్బాల్లో దాచింది. పొట్లం అందనివాళ్ళు కాంచన చుట్టూ చేరితే, ఆమె వచ్చే నెల అందరినీ కాళహస్తికి తీసుకుపోతానని మాటిచ్చేసింది.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళలో తణికైవేల్ ఉన్నాడు. సారు దగ్గర తెలుగు చదువుకున్నవాడు, తరగతిలో మొదటి మార్కు వాడిదే. సారుకు ప్రాణం లేచి వచ్చింది. డబ్బా వాడి చేతికిచ్చి చదవమన్నాడు. తణికైవేల్ దాన్ని ఎండకు పెట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఏం చేతిరాత సార్ మీది. ముత్యాలే. ఈడ గీత గీసినారే, ఇది మంత్రమా?"

ఆ మొదటి మార్కు వేసింది తనే. సారు డబ్బా వెనక్కి తీసుకున్నాడు.

వాకిళ్ళలోకి దీపాలు రావడం మొదలైంది. ఇక ఏరుకోవడానికి మాటలు లేవు. సారు వీధి నడిమధ్యకు పోయి నిలబడ్డాడు.

"అది విభూతి కాదు. మా దేవసేన నొప్పి మందు. నూరింది నేను, పొట్లం కట్టింది నేను. డాక్టరు చూడకుండా తింటే ఊపిరి నిలిచిపోతాది."

దేవసేన నొప్పి ఆ వీధికి తెలుసు. ఆ మూలుగు వినపడితే మగ్గాలు ఆపినవాళ్ళే వాళ్ళంతా. ముందు కన్నియమ్మ పొట్లం తెచ్చింది. తరువాత ఒకరి వెనక ఒకరు. మడత విప్పనివి విప్పనట్టే వచ్చాయి. చివరికి జయరామన్ నడుము పట్టుకుని వచ్చాడు. నుదుట మూడు గీతలు తెల్లగా మెరుస్తున్నాయి.

"నోట్లో ఏసుకోలే సారూ, పూసుకున్నా, అంతే. అయినా అబద్ధమెందుకు, పూసుకోంగానే నడుము తేలికైనాది."

సారు తన తువ్వాలు తడిపి, ఆ నొసలు తనే తుడిచాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాడు. కన్నియమ్మ మాత్రం కదలకుండా కొంగు మెలిపెడుతోంది.

"అట్లయితే సారూ, మా అక్కకు రాసిచ్చిన నిద్రమాత్రలు నేను ఏసుకుంటా ఉండా. అదీ తప్పేనా?"

వెంటనే తణికైవేల్ కూడా నోరు విప్పాడు. కాట్టుపల్లిలో కాంట్రాక్టు పని చేసే బావకు డాక్టరు రాసిన నొప్పిమాత్రలు ఇన్నాళ్ళూ తన జేబులోనే ఉన్నాయి. బావకు సరిపోయింది మనకూ సరిపోతుందని మింగుతున్నాడు. అలా ఇంటికొక సంగతి బయటపడింది. మధ్యాహ్నం తనకు దేవుడి మీద కోపం తగదని చెప్పిన పెద్దలంతా ఇప్పుడు, ఇది మానాలా, వాడాలా అని సారునే అడిగారు. తనకు తెలిసింది పొట్లం కట్టడమొక్కటేనని, అదీ తప్పుగా కట్టానని, ఎవరి మాత్ర వాళ్ళు పట్టుకుని డాక్టరమ్మనే అడగమని ఆయన చెప్పాడు.

ఒక్కడే ఎక్కాల్సిన రైలు సారు సోమవారం సగం వీధితో ఎక్కాడు. మిగతావాళ్ళు డాక్టరు వరుసలో కూర్చుంటే, ఆయన మందుల గది కిటికీ దగ్గరికి పోయి డబ్బా ఇచ్చాడు. ఇచ్చాక కూడా చేతులు కాసేపు అలాగే ముందుకు చాచి ఉన్నాయి. లోపల ఉన్న నివేద అనే అమ్మాయి పొట్లాలు చూసి మెల్లగానే మందలించింది. మందు అది వచ్చిన మాత్రల పట్టీలోనే ఉంచాలట, తాళం వేసి పెట్టాలట, మిగిలితే ఆలస్యం చేయకూడదట. సారు బడిపిల్లవాడిలా అన్నింటికీ తలాడించాడు. ఆమె డబ్బాను అటూ ఇటూ తిప్పింది.

"మీద ఏదో గీసుండాదే, ఎవరు సార్ గీసింది?"

"నేనేనమ్మా."

"మీరేం పని చేస్తారు?"

"టీచరుని."

"ఏం సబ్జెక్టు సార్?"

ధనకోటి సారు ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"డ్రాయింగు" అన్నాడు.