పూలు కట్టిన అక్వేరియం స్టాండు

ఇలా దగ్గరికి జరగండి. కాఫీ చల్లారేలోగా ముగించేస్తానని మాట ఇవ్వను, నా సంగతి మీకు తెలిసిందే. లిమ్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున మా వీధిలో తోర్కిల్, బోదిల్ అని మొగుడూ పెళ్ళాలున్నారు. ఇది వాళ్ళింట్లో మొదలై పక్కింట్లో తేలిన సంగతి.

బోదిల్‌ది వృద్ధాశ్రమం వంటగదిలో ఉద్యోగం. పొద్దున్నుంచీ నిలబడే ఉండాలి. సాయంత్రానికి మోకాళ్ళు రెండూ రాళ్ళయిపోతాయి. ఇంటికి వచ్చి, వేణ్నీళ్ళ టబ్బులో గడ్డం దాకా మునిగి, ఎవరితోనూ మాట్లాడకుండా అరగంట పడుకుంటేనే ఆమె మళ్ళీ మనిషవుతుంది. ఆ టబ్బులో ఇప్పుడు తోర్కిల్ గోల్డ్‌ఫిష్‌లు ఈదుతున్నాయి.

అంతకుముందు ఆ చేపలు అక్వేరియంలోనే ఉండేవి. అక్వేరియం బోదిల్ మేనత్త ఇచ్చిన పాత సొరుగుల బల్ల మీద ఉండేది. ఒకనాడు ఆ బల్ల నడుం వంగింది, సొరుగులు బిగుసుకున్నాయి, అక్వేరియంలో నీళ్ళు ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా కనబడ్డాయి. తోర్కిల్ గుండె జారి, చేపలన్నిటినీ బకెట్లలో మోసుకెళ్ళి టబ్బులో పోశాడు. "రెండు రోజులే," అన్నాడు. రెండు రోజులు కాస్తా రెండు వారాలయ్యాయి. బోదిల్ వాష్‌బేసిన్ దగ్గర నిలబడి చెంబుతో ఒళ్ళు కడుక్కుంటోంది. ఆమె పళ్ళు తోముకుంటుంటే మేత పెడుతుందేమోనని చేపలన్నీ వరసగా వచ్చి నోళ్ళు తెరిచి చూసేవి.

శనివారం పొద్దున రొట్టె మీద జున్ను కోసుకుంటూ, "ఇవాళ స్టాండు కొని తీరాలి," అంది బోదిల్. "లేదంటే నీ చేపలతోపాటు నేనూ టబ్బులో దిగుతాను."

"వద్దు, వాటికి సబ్బు పడదు," అన్నాడు తోర్కిల్.

ఇద్దరూ ఊళ్ళోని దుకాణానికి వెళ్ళారు. తోర్కిల్ ఒక్కో స్టాండు మీదా రెండు చేతులూ పెట్టి ఊపి చూశాడు.

"ఇది పూలకుండీ పెట్టుకోడానికి. ఇది ఊగుతోంది. ఇది ఊగట్లేదు గానీ ఊగాలని చూస్తోంది."

"అది నాలుగు వందల కిలోలు మోస్తుందండీ," అంది కౌంటరు దగ్గరి అమ్మాయి.

"ఎవరు ఎక్కి చూశారు?"

"ఫ్యాక్టరీలో చూస్తారు."

"నువ్వు ఎక్కి చూశావా?"

ఆ అమ్మాయి ఎక్కలేదు. వాళ్ళు ఉత్త చేతులతో ఇంటికి వచ్చారు.

"నేనే చేస్తాను," అన్నాడు తోర్కిల్. బోదిల్ కళ్ళు మూసుకుంది. పిట్టలకి గింజలు పెట్టడానికి అతను తోటలో ఒక గూడు చేశాడు. దానికి ఒకసారి కారు గుద్దుకుంటే బంపరు ఊడింది గాని గూటికి గీత పడలేదు. తోర్కిల్ చేతి పని అలాంటిది.

ఇంటికప్పుకి వేసే దూలాలు తెచ్చాడు. కుర్చీలో కూర్చుంటే చేపలు కంటికి ఎదురుగా కనబడాలని బల్లని మోకాలెత్తున కట్టాడు. దాని వెనక కాళ్ళు రెండూ కోయకుండా మనిషిని మించిన ఎత్తు దాకా వదిలేసి, పైన అడ్డంగా ఒక దూలం వేశాడు. అక్వేరియం మీదికి దీపం దాన్నుంచే వేలాడాలట. కారు షెడ్డులో పని. వాన జల్లు పడకుండా ముందు ఒక టార్పాలిన్ కట్టాడు. కంచె అవతలి నుంచి చూసేవాళ్ళకి టార్పాలిన్ పైన రెండు స్తంభాలు, వాటి మీద ఒక అడ్డదూలం. అంతే కనబడేది.

కంచె అవతల ఉండేది ఫోల్మర్, వీబెకె. సరిగ్గా వచ్చే శనివారానికి వాళ్ళ పెళ్ళయి ఇరవై ఐదేళ్ళు. మా వైపు వెండిపెళ్ళి అంటే మాటలా? దంపతుల గుమ్మానికి పచ్చటి తోరణద్వారం నిలబెట్టాలి, తెల్లవారుతూనే వీధంతా వచ్చి పాడి నిద్రలేపాలి, ఆ తర్వాత ఇంటివాళ్ళు అందరికీ టిఫిను పెట్టాలి. తోరణం కట్టించే భారం పక్కింటివాళ్ళది. దంపతులు మాత్రం నోరెత్తి అడగకూడదు. తెలిసినా తెలియనట్టే ఉండాలి. వారం రోజుల్లోకి వచ్చినా వీధిలో చడీచప్పుడు లేదు. వీబెకె అన్నం సహించక తిరుగుతోంది. "ఒక్కరికైనా గుర్తుందంటావా?" అని మొగుణ్ణి పొద్దునా సాయంత్రం అడుగుతోంది.

అలాంటి సమయంలో ఫోల్మర్ కంచె మీదుగా ఆ స్తంభాలు చూశాడు. అతని మొహం వెలిగిపోయింది.

"ఏమోయ్ తోర్కిల్, పని బాగా సాగుతోందా?"

"సాగుతోంది. శుక్రవారానికి అయిపోవాలి. లేకపోతే బోదిల్ నన్ను బతకనివ్వదు."

"శుక్రవారానికా!" ఫోల్మర్ కంచె పట్టుకుని ఇంకాస్త ముందుకి వంగాడు. "నేనేం చూళ్ళేదులే. నాకేం తెలీదు."

"చూస్తే చూశావు. ఇందులో దాపరికమేముంది?"

"అబ్బే, నాకేం తెలీదు," అని ఫోల్మర్ కన్ను గీటాడు. "అయినా ఇంత లావు దూలాలెందుకోయ్?"

"మూడు వందల కిలోలు మీద పడుతుంది మరి."

తమ ఇద్దరినీ దాని మీద నిలబెడతారనుకుని ఫోల్మర్ తలవంచి తన పొట్టకేసి చూసుకున్నాడు. "మూడు వందలా? అంత ఉంటుందంటావా?"

"పైకి కనబడదు గానీ, లోపలున్నదంతా లెక్కేస్తే దాటుతుంది కూడా."

ఆ పూట భోజనాల దగ్గర వీబెకె బల్లంతా వెతికింది. "వెన్న ఏది?"

"పెళ్ళిపండుగ దాకా వద్దులే మనకి," అన్నాడు ఫోల్మర్. ఎందుకో చెప్పలేదు.

మర్నాటి నుంచీ కంచె మీదుగా కానుకలు రావడం మొదలైంది. ముందు ఒక పెట్టె బీరు, ఆ తర్వాత పొగబెట్టిన చేపలు కాగితంలో చుట్టి.

"ఎందుకిచ్చాడు?" అంది బోదిల్.

"స్టాండు నచ్చిందనుకుంటా."

"స్టాండు నచ్చితే ఎవరైనా చేపలిస్తారా? అదీ చేపల్ని పెంచుకునేవాడికి?"

"పొగబెట్టినవే కదా," అన్నాడు తోర్కిల్, చిత్రిక పడుతూనే.

శుక్రవారం వచ్చింది. సాయంత్రం స్టాండు లోపల పెట్టేస్తానని తోర్కిల్ ఒట్టేశాడు. బోదిల్ ఆశ్రమం నుంచి వస్తూ దారిలో టబ్బు నీళ్ళలో కలుపుకునే స్నానపు ఉప్పు కొంది, లావెండరు వాసనది. ఇంటి ముందు సైకిలు దిగి చూస్తే షెడ్డు నిండా క్రిస్మస్ చెట్ల కొమ్మలు గుట్టగా పడి ఉన్నాయి. చర్చిలో ఆర్గన్ వాయించే సిగ్నె నిచ్చెనెక్కి, స్టాండు అడ్డదూలానికి కాగితపు గులాబీలు కడుతోంది. కింద తోర్కిల్ నిచ్చెన పట్టుకుని ఉన్నాడు.

"ఏంటిది?" అంది బోదిల్.

"నాకూ తెలీదు. పట్టుకోమంది, పట్టుకున్నాను."

"రా బోదిల్, రా!" అంది సిగ్నె నిచ్చెన మీది నుంచే. "మీరు మర్చిపోయారేమోనని వారంగా నాకు నిద్ర లేదు. రేపు పొద్దున వెండిపెళ్ళి పెట్టుకుని పక్కింటివాళ్ళు ఇంత నిమ్మళంగా ఉన్నారేంటా అని. తీరా చూద్దును కదా, ఇక్కడ ఇంత పని జరుగుతోంది! కాస్త మోటుగా ఉందిలే, కొమ్మలు కడితే కనబడదు. అవునూ, కింద ఈ బల్లెందుకు?"

బోదిల్ మొహంలో రక్తం లేదు. అంతకు రెండేళ్ళ ముందు తన వెండిపెళ్ళికి ఫోల్మర్, వీబెకె పడిసెంతో, మంచులో నిలబడి, అన్ని చరణాలూ పాడారు. వాళ్ళ రోజు తాను నిలువునా మర్చిపోయింది.

"అది అక్వే..." అని తోర్కిల్ నోరు తెరిచాడు. బోదిల్ అతని కాలు తొక్కింది.

"బల్ల వాళ్ళు నిలబడ్డానికి," అంది.

వంటింట్లోకి రాగానే తోర్కిల్ తలుపు వేశాడు. "అది నా స్టాండు!"

"తెలుసు."

"ఇంకో గంటలో లోపల పెట్టేవాళ్ళం!"

"తెలుసన్నానా! మనం మర్చిపోయామని వీబెకెకి తెలిస్తే నేనీ వీధిలో తలెత్తుకు తిరగగలనా? మోకాళ్ళు నావి, స్నానం నాది. నేనే ఊరుకుంటుంటే మధ్యలో నీకేంటి?"

"మరి మళ్ళీ ఎప్పుడిస్తారు?"

"వారం పోయాక తోరణం విప్పడానికి అందరినీ పిలుస్తారు కదా. విప్పేది నువ్వే, తెచ్చుకునేదీ నువ్వే. ఇంకొక్క వారం." ఇలా అని ఆమె స్నానపు ఉప్పు పొట్లాన్ని అలమరలో బాగా వెనక్కి తోసేసింది.

సాయంత్రం వీధిలోని మగవాళ్ళంతా వచ్చి దాన్ని ఎత్తారు, దించారు, మళ్ళీ ఎత్తారు. "ఇందులో ఏం పోశావయ్యా, సీసమా?" అని తిట్టుకున్నారు. పక్కింటివాళ్ళు ఆనవాయితీ ప్రకారం తెరలు వేసుకుని, ఏమీ వినబడనట్టు లోపల కూర్చున్నారు. బయట ఎవరైనా మూలిగినప్పుడల్లా లోపల ఫోల్మర్ దగ్గేవాడు. వాళ్ళ తలుపు లోపలికి తెరుచుకునేది కావడం అదృష్టం. బల్ల సరిగ్గా గడపకి ఆనింది. అందరూ వెళ్ళిపోతుంటే తోర్కిల్ మాత్రం రసమట్టం తెచ్చి, దాని మీద పెట్టి, ఒక కాలి కింద చిన్న చెక్కముక్క దోపాడు. పెళ్ళి తోరణానికి మట్టం చూడటం మా వీధిలో అదే మొదలు.

తెల్లవారింది. బాకాలవాళ్ళు ఊదారు, సిగ్నె అందుకుంది, మేమంతా పాడాం. తలుపు తెరుచుకుంది. అప్పుడే నిద్ర లేచినట్టు కళ్ళు నులుముకుంటూ వీబెకె నిలబడింది. జుట్టు మాత్రం ముందురోజు పార్లర్లో తిప్పించిన ఉంగరాలతో ఉంది. గడప అవతల మోకాలెత్తున వేదిక చూసి గౌను అంచు పైకెత్తి పట్టుకుంది.

"ఎక్కండి, ఎక్కండి!" అని అరిచారు అందరూ.

వీబెకె ఎక్కింది. ఫోల్మర్ ఒక కాలు పెట్టి ఆగి, తోర్కిల్ వైపు వంగి, "వారంగా వెన్న ముట్టలేదు," అన్నాడు గుసగుసగా. తోర్కిల్‌కి ఏమీ అర్థం కాలేదు. అయినా తల ఊపాడు. ఫోల్మర్ ఎక్కాడు. పెద్ద బాకా ఊదే మనిషి పీపాలా ఉంటాడు, ఉత్సాహం ఆపుకోలేక బాకాతో సహా అతనూ ఎక్కేశాడు. మేం జేజేలు కొట్టాం. ప్రతి జేజేకీ ముగ్గురూ గెంతారు. దూలం కిర్రుమంటే ఒట్టు. తోర్కిల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎంత మెత్తటి మనసో," అంది సిగ్నె.

వారం గడిచింది. తోరణం విప్పడానికి రమ్మని పిలుపు వచ్చింది. తోర్కిల్ పానా, రెండు చక్రాల బండి పట్టుకుని బయల్దేరాడు. బోదిల్ స్నానపు ఉప్పు బయటికి తీసి టబ్బు అంచున పెట్టి మరీ వెళ్ళింది. తీరా చూస్తే కొమ్మలు, గులాబీలు అన్నీ తీసేసి ఉన్నాయి. స్టాండు మాత్రం తెల్లరంగు వేసుకుని మెరుస్తోంది. ఒక పక్క కొత్త మెట్టు, రెండో పక్క పూలకుండీలు.

"పడమటి గాలికి పడిపోతుందేమోనని బోల్టులు వేసి గోడలోకి సిమెంటు చేయించాను," అన్నాడు ఫోల్మర్ ఛాతీ విరుచుకుని. "ఇంత గట్టి తోరణం ఈ జిల్లాలోనే ఎవరికీ కట్టలేదు. విప్పడానికి మనసొప్పలేదు. బంగారు పెళ్ళి దాకా ఇక్కడే ఉంటుంది!"

తోర్కిల్ తన బండి మీదే కూలబడ్డాడు. అందరూ బీరు గ్లాసులెత్తారు. ఆ క్షణాన బోదిల్‌కి ఓపిక తెగింది.

"నాకు స్నానం కావాలి," అంది, అందరి మధ్యలో.

గ్లాసులు ఆగిపోయాయి. "ఏంటి తల్లీ?" అంది వీబెకె.

"మా టబ్బులో చేపలున్నాయి. నెల్లాళ్ళ నుంచీ ఉన్నాయి. అక్వేరియం పెట్టడానికి స్టాండు లేదు."

"స్టాండు లేదా? చేతిలో ఇంత పనితనం పెట్టుకుని, ఎందుకు చెయ్యలేదు తోర్కిల్?" అంది వీబెకె.

తోర్కిల్ నోరు తెరిచాడు. బోదిల్ చెప్పుల వైపు చూశాడు. నోరు మూశాడు.

వీబెకె చెంప మీద చెయ్యేసుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. "ఫోల్మర్! వింటున్నావా? తన చేపల్ని టబ్బులో వదిలేసి, పెళ్ళానికి స్నానం లేకుండా చేసి, ముందు మన తోరణం కట్టాడయ్యా ఈ మనిషి! ఇరవై ఐదేళ్ళలో నువ్వు నాకోసం ఇలాంటిదొక్కటి చేశావా?" అని భోరున ఏడ్చి తోర్కిల్‌ని కావలించుకుంది. ఆ తర్వాత బోదిల్ చెయ్యి పట్టుకుని, "ఇవాళ్టి నుంచీ నీ స్నానం మా ఇంట్లోనే. కాదన్నావో, చూడు!" అంది.

కాదనడానికి ఏముంది? బోదిల్ రోజూ సాయంత్రం తువ్వాలు భుజాన వేసుకుని, కొత్త మెట్టెక్కి, పూలకుండీలు తప్పించుకుని, ఆ స్టాండు మీదుగా నడిచి వెళ్ళి స్నానం చేస్తోంది. వేణ్నీళ్ళకి లోటు లేదు. కానీ ఆమె గడ్డం దాకా మునగగానే, వీబెకె స్టూలు తెచ్చుకుని తలుపు అవతల కూర్చుంటుంది. అరగంటా తోర్కిల్ త్యాగం గురించి మాట్లాడుతుంది.

తోర్కిల్ రెండో స్టాండు మొదలుపెట్టాడు. ఈసారి షెడ్డులో కాదు, పడగ్గదిలో, తెరలు వేసుకుని.

ఇదంతా గుర్తుపెట్టుకోండి. మీ వాళ్ళకి చెప్పండి, వాళ్ళని ఇంకొకళ్ళకి చెప్పమనండి. వీబెకెకి మాత్రం చెప్పకండి, ఆమె దగ్గర ఇంతకన్నా మంచి కథ ఉంది.