కౌంటర్ మీద అమ్మిందే అమ్మకం

మన ప్రభుత్వ కంప్యూటర్ కంపెనీ మార్కెట్ షేర్ నలభై నుంచి డెబ్భై శాతానికి ఎగబాకిందని మంత్రిగారు ప్రకటించినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆ లెక్క తీసింది కూడా నేనే మరి. మూడు నెలలకోసారి షాపులన్నీ తిరిగి, కౌంటర్ మీద ఏ కంపెనీవి ఎన్ని అమ్ముడయ్యాయో ఫారంలో రాసుకురావడం నా ఉద్యోగం.

పోటీ కంపెనీ షాపులకు సరుకివ్వడం మానేసింది. ఫోన్ చేస్తే కంప్యూటర్ నేరుగా ఇంటికే పంపిస్తోంది. జనం ఎగబడి కొంటున్నారు. షాపులో అమ్మలేదు కనక అవేవీ నా ఫారంలోకి రావు. వాళ్ల అమ్మకాలు పెరిగేకొద్దీ మన శాతం పెరుగుతోంది. ఇంతటి అదృష్టం ఎంతమంది మంత్రులకు పడుతుంది?

మా బావకే ఈ విజయం మింగుడుపడలేదు. అన్నీ మూతపడగా మిగిలిన ఆఖరి షాపు ఆయనది.

"పొద్దుణ్ణించి ఈగలు తోలుకుంటున్నాను బామ్మర్దీ. ఇళ్లకెళ్లేవి కూడా లెక్కేసి చూపించరా. అప్పుడైనా మన కంపెనీ కాస్త మంచి సరుకు చేస్తుంది. లేదంటే నెలాఖరుకి షట్టర్ దించేయాల్సిందే. మీ అక్కా పిల్లలూ రోడ్డున పడతారు."

ఆయన్ని వెంటబెట్టుకుని మంత్రిగారి దగ్గరికి వెళ్లాను.

"ఇంటికెళ్లి ఇచ్చొస్తే అమ్మకం ఎలా అవుతుందయ్యా? అది డెలివరీ," అన్నారాయన.

"నా షాపు మూతపడుతోంది సార్," అన్నాడు బావ.

మంత్రిగారు నావైపు తిరిగారు. "ఈయన మూసేస్తే మన షేర్ ఎంత?"

"షాపే లేకపోతే ఇక షేర్ ఏముంటుంది సార్?"

మంత్రిగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్కడికక్కడే బావ షాపును జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించేశారు. అద్దె సర్కారే కడుతుంది. బావకు నెలనెలా జీతం.

ఆ మూడు నెలల్లో ఒకే ఒక్క కంప్యూటర్ అమ్ముడైంది. కొన్నది మంత్రిగారి ఆఫీసు. మార్కెట్ షేర్ నూటికి నూరు! ఊరంతా బ్యానర్లు, బావకు శాలువా. ముందు వరసలో కూర్చున్న అక్క కళ్లు తుడుచుకుంది. నాకూ మహా సంతోషమేసింది.

మర్నాడు ఆఫీసు వ్యాను వచ్చి ఆ కంప్యూటర్‌ని షాపు ముందు దించి వెళ్లింది. ఎంత నొక్కినా ఆన్ కావడం లేదట.

"వాపసొచ్చినవి ఎక్కడ రాస్తావురా?" అన్నాడు బావ.

"ఫారంలో ఆ కాలమ్ లేదు బావా."

బావ కంప్యూటర్‌కి దుమ్ము తుడిచి, డబ్బాలో పెట్టి, టేపు అంటించాడు.

"ఆ చివర పట్టుకో బామ్మర్దీ, కౌంటర్ మీద పెడదాం. జాగ్రత్త, వచ్చే మూడు నెలలకీ ఇదొక్కటే సరుకు."