బస్సు నుదుటి మీద భోజనం పిలుపు

శుక్రవారం ఉదయం విల్ఫ్రిదో పెట్టుకున్న పనులు మూడే: కసాయి కొట్టుకు వెళ్లి రెండు కిలోల పక్కటెముకల మాంసం తేవడం, సోమవారానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకోవడం, ఈలోగా ఎవరి నోట్లోనూ పడకుండా ఉండటం. పట్టణ బస్సుల సంస్థలో అతని ఉద్యోగం కాగితం మీద డైరెక్టర్ ఫ్లెయితాస్ సోమవారం సంతకం పెడతానన్నాడు. ముప్పై నాలుగేళ్ల వయసులో ఇదే మొదటి ఉద్యోగం, బహుశా చివరి అవకాశం కూడా.

అలాగని ఇన్నాళ్లూ ఖాళీగా కూర్చోలేదు. ఆ ఊళ్లో స్పానిష్‌తో పాటు మాట్లాడే గ్వారానీలాంటి భాషల అక్షరాలు, నెత్తిమీది మెలికలతో సహా, ఏ తెర మీదైనా సరిగ్గా కనిపించేలా చేసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి రాసి, ఎవరైనా ఉచితంగా తీసుకోండని ఇంటర్నెట్‌లో పెట్టాడు. పదకొండు దేశాలవాళ్లు తీసుకున్నారు. తీసుకున్నవాళ్లంతా అది బాగాలేదు, ఇది బాగాలేదు అని ఉత్తరాలు రాస్తారు. ఇతను అన్నం మానేసి బాగుచేస్తాడు. అతన్ని ఇంట్లో పెట్టుకుని సాకుతున్న పెద్దమ్మ దేయిదామియా మాత్రం, "ఊరికంతా పెట్టుపోతలు నీవి, నీ తిండి నాది. బాగుందిరా యవ్వారం," అంటుంటుంది.

కసాయి అనఖ్లేతో మాంసం తూస్తూ అన్నాడు. "రేపు నేనూ మా ఆవిడా వస్తున్నాంలే బాబూ. కుర్చీలు మేమే తెచ్చుకోవాలటగా?"

"మా పెద్దమ్మ చెప్పిందా?"

"ఆవిడ పేరు మీదేగా పిలుపు. పిలవని పేరంటానికి వస్తామా?"

పెద్దమ్మ ప్రతి శనివారం తన ఇద్దరు చెల్లెళ్లకూ భోజనం పెడుతుంది. ఉద్యోగం సంగతి విని పొంగిపోయి ఈసారి వీధినంతా పిలిచి ఉంటుందని విల్ఫ్రిదో అనుకున్నాడు. రెండు కిలోలు కాస్తా ఐదు కిలోలు చేయించాడు. ఇంట్లో పెద్దమ్మను అప్పటికే రొట్టెల కొట్టావిడా, చర్చిలో గంట కొట్టే ఆయనా వస్తామని పలకరించి వెళ్లారు. కుర్రాడు సంబరంకొద్దీ పిలుచుకున్నాడు, అడిగి చిన్నబుచ్చడం ఎందుకని ఆవిడ అనుకుంది. ఐదు కిలోలు చూశాక అనుమానమే లేకుండా పోయింది. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆవిడ అతన్ని పది కిలోల కర్రపెండలం దుంపలు తెమ్మని మళ్లీ బజారుకు తోలింది.

దుంపల సంచీ భుజాన వేసుకుని రోడ్డు దాటబోతుంటే పన్నెండో నంబరు బస్సు వచ్చింది. దాని నుదుటి మీద వెలిగే బోర్డులో స్పానిష్ సగం 'తర్వాతి స్టాపు: మార్కెట్' అంటోంది. గ్వారానీ సగంలో మాత్రం అక్షరాలు ఇలా పక్కకు జరిగిపోతున్నాయి: 'శనివారం మధ్యాహ్నం సాన్ ఖెనారో వీధి, పచ్చ గేటు, దేయిదామియా ఇంట్లో భోజనం. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోవాలి.'

విల్ఫ్రిదో సంచీ రోడ్డు మీదే దించేశాడు. ఈ ఇంటికి మారిన కొత్తలో పెద్దమ్మ తన చెల్లెళ్లకు రాసిన చీటీ అది. అందులో మెలికలున్న అక్షరాలన్నీ ఉన్నాయని, లైబ్రరీలో నమూనా వాక్యంగా పెట్టుకున్నాడు. అనువాదం లేనిచోట అదే కనిపిస్తుంది. బస్సుల సంస్థలో బోర్డులు చూసే నిమియాకు వెంటనే ఫోన్ చేశాడు.

"నిమియా, పన్నెండో నంబరు మీద మా పెద్దమ్మ ఉంది."

"పన్నెండేం కర్మ, నలభై బస్సుల మీదా ఉంది. ఆవిడ మీ పెద్దమ్మా? నేనూ వద్దామని కుర్చీ తీసి పెట్టుకున్నా."

"అది నమూనా వాక్యం తల్లీ. వాడేముందు మార్చుకోండని మొదటి పేజీలోనే రాశాను."

"మొదటి పేజీ చదివేవాళ్లయితే మాకు నీతో పనేముంది? 'తర్వాతి స్టాపు'కి గ్వారానీలో ఏమనాలో భాషా కమిటీ నాలుగు నెలలుగా తేల్చట్లేదు. నిన్న నీ లైబ్రరీ ఎక్కించగానే ఖాళీగా ఉన్నచోట నీ వాక్యం వచ్చి కూర్చుంది. కమిటీవాళ్ల స్వాగతం అనుకుని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు కూడా."

"ఆయనకి గ్వారానీ రాదా?"

"తిట్టడానికి వచ్చు. చదవడానికి రాదు."

"అయితే తీసెయ్."

"తీయాలంటే తప్పు జరిగిందని రాసి ఆయన సంతకం పెట్టించాలి. తప్పెవరిదని అడుగుతారు. సోమవారం నీ కాగితం మీద పడాల్సింది కూడా ఆ సంతకమే మరి."

విల్ఫ్రిదో సంచీని రోడ్డు పక్కకు లాక్కున్నాడు. "వేరే వాక్యం ఏదైనా పెట్టి కప్పెయ్యలేవా?"

"కమిటీ ఒప్పుకున్నవి రెండున్నాయి. వాటికి నాకు అధికారం ఉంది."

"ఏదో ఒకటి పెట్టు, నీకు పుణ్యముంటుంది."

నిమియా రెండూ పెట్టింది. ఎంత పొడుగు వాక్యమైనా ఒక్క అక్షరం కూడా పోనివ్వకుండా వరసగా జరుపుతూ చూపించడం తన లైబ్రరీ గొప్పదనమని విల్ఫ్రిదో స్వయంగా చాటుకున్నాడు. అది మాట నిలబెట్టుకుంది. తర్వాత వచ్చిన బస్సు మీద భోజనం పిలుపు చివర ఇలా చేరింది: 'లోపలికి జరగండి, అందరికీ చోటుంది. పిల్లలకూ ముసలివాళ్లకూ ముందు సీట్లు.'

ఇక దాచి లాభం లేదని ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గేటుకు తాళం వేసి చెల్లెళ్లింటికి పోదామన్నాడు. పెద్దమ్మ అతని చేతిలోంచి తాళం లాక్కుంది.

"నా పేరు పెట్టి రమ్మన్నాక గేటు వేసుకుంటే రేపణ్ణుంచి ఈ వీధిలో తలెత్తుకు తిరగగలనా? ఏడుపు ఆపి చర్చివాళ్ల పెద్ద గంగాళాలు అడిగి పట్రా."

సిగ్గుతో అతని కళ్లు చెమర్చాయి. అయినా వెళ్లి పట్టుకొచ్చాడు.

శనివారం పదకొండు గంటలకే వీధి మొదట్నుంచీ కుర్చీలు నడిచి వస్తున్నట్టు కనిపించాయి. రెండు వందలు దాటాక లెక్క వదిలేశారు. అదృష్టం కొద్దీ ఎవరూ ఒట్టి చేతులతో రాలేదు. కసాయి మేకను తెచ్చాడు, రొట్టెల కొట్టావిడ మూడు బుట్టల చీపా రొట్టెలు తెచ్చింది. ముసలివాళ్లను ముందు కూర్చోబెట్టారు, ఎందుకంటే బోర్డు మీద అలాగే ఉంది. పన్నెండున్నరకు డైరెక్టర్ ఫ్లెయితాస్ భార్యతో సహా దిగాడు. బోర్డు చదివి వినిపించింది ఆవిడేనట. ఆయన చంకలో మడత కుర్చీ ఉంది.

ఆయన కడుపునిండా తిని, మూతి తుడుచుకుని, విల్ఫ్రిదోను పిలిచాడు. "బోర్డులు పెట్టి రెండేళ్లయిందయ్యా. వెనక తలుపు ఎక్కొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నా ఒక్కడు చదవలేదు. ఇది చదివి కుర్చీలు మోసుకొచ్చారు. రాసిందెవరు?"

నేనేనంటే ఉద్యోగం అక్కడికక్కడే ఖాయం. విల్ఫ్రిదో గొంతులో ఆ మాట మెదిలింది కూడా. పొయ్యి దగ్గర పెద్దమ్మ వంటగుడ్డతో మొహం తుడుచుకోవడం చూసి మింగేశాడు.

"లైబ్రరీ నాదండీ. పొరపాటూ నాదే. వాక్యం మాత్రం మా పెద్దమ్మది."

"లైబ్రరీ ఉచితమన్నావు కదూ. ఎన్నాళ్లు?"

"ఎప్పటికీనండి. షరతుల్లోనే ఉంది."

"మరి ఎప్పటికీ ఉచితంగా దొరికేదానికి మనిషినెందుకయ్యా పెట్టుకోవడం?" అని ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, 'తర్వాతి స్టాపు' అనాలంటే మీరేమంటారు?"

"అనేదేముంది బాబూ. దిగేవాళ్లు లేవండి అంటాను."

నాలుగు నెలల సమస్య గరిటె దించకుండానే తేలిపోయింది. సోమవారం డైరెక్టర్ అన్నమాట ప్రకారం సంతకం పెట్టాడు. కాగితంలో పేరు ఒకటే మారింది. తెల్లచొక్కా వేసుకుని విల్ఫ్రిదో పెద్దమ్మను ఆ ఉద్యోగానికి బస్సెక్కించి వచ్చాడు. అతనికి ఏడుపూ వచ్చింది, ఎందుకో కొంచెం గర్వంగానూ ఉంది.

మంగళవారం లైబ్రరీ ఫిర్యాదుల పేజీలో కొత్తది ఒకటి పడింది: 'అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నేను ఇంటికొచ్చేలోపు పెద్దవి చేసి ఉంచు.' పని ఎంత తొందరో రాయమన్న గడిలో ఆవిడ 'పెద్దమ్మ' అని నింపింది.